ర్యాంకింగ్ 9999 పెట్టినా పాత సెన్సారే గెలిచింది: ఒక రొయ్యల గుంటల గేట్‌వే కేస్ స్టడీ

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో వనామి రొయ్యలు సాగు చేసే ఒక రైతు దగ్గర, నీళ్లలో ఆక్సిజన్ చూసి ఏరియేటర్లను (నీళ్లు చిలికి గాలి కలిపే మోటర్లు) వేసే, ఆపే సిస్టమ్ ఒకటి నడుస్తోంది. పంపు షెడ్డు గోడకు బిగించిన బాక్సులో చిన్న ఏఆర్ఎం బోర్డు, దాని మీద జావా, ఆ పైన ఓఎస్‌జీఐ మాడ్యూళ్లను నడిపే అపాచీ కారాఫ్. సెన్సార్ డ్రైవర్లు, ఏరియేటర్ కంట్రోలర్, ఫోన్లకు అలర్టులు పంపే మాడ్యూళ్లు అన్నీ విడివిడి ఓఎస్‌జీఐ బండిల్స్, అంటే జావా ప్రోగ్రామును ముక్కలుగా నడిపే ఓఎస్‌జీఐ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక్కో ముక్క. సిస్టమ్ పెట్టిన వాళ్లు వేరు. ఒక్కోరోజు బ్రహ్మాండంగా పనిచేసి ఒక్కోరోజు పిచ్చెక్కిస్తోందని, కారణం తేల్చమని నన్ను పిలిచారు. ఒకే పని చేసే సర్వీసులు రెండు మూడు ఉన్నప్పుడు మాడ్యులర్ ఫ్రేమ్‌వర్క్ దేన్ని ముందు పెడుతుందో తెలియక ఇబ్బంది పడే జావా వాళ్లకు పనికొస్తుందని ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

ఓఎస్‌జీఐ పేరు వినగానే బ్యాంకు సర్వర్లు, ఎక్లిప్స్ ఎడిటర్ గుర్తొస్తాయి గానీ, 1999లో ఆ పేరుతో సంస్థ మొదలైంది ఇళ్లల్లో పెట్టే గేట్‌వే బాక్సుల కోసమే. ఎక్లిప్స్ దాన్ని వాడుకోవడం 2004లో వచ్చిన 3.0 నుంచి. కాబట్టి రొయ్యల షెడ్డులో దాన్ని చూసి నాకేమీ వింత అనిపించలేదు.

సైటు, ఫిర్యాదు

ప్రతి గుంటలో రెండు డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) సెన్సార్లు ఉన్నాయి. మొదట పెట్టినవి మెంబ్రేన్ రకం. తర్వాత ఆప్టికల్ రకం కొన్నారు. "పాతది పీకేయొద్దు, కొత్తది చెడిపోతే అక్కరకొస్తాది" అన్నాడట రైతు. మంచి మాటే. అలా రెండు డ్రైవర్ బండిల్స్, రెండూ ఒకే ఇంటర్‌ఫేస్ కింద ఆక్సిజన్ రీడింగ్ సర్వీసును రిజిస్టర్ చేస్తాయి, అంటే ఈ పని మేం చేస్తామని ఫ్రేమ్‌వర్క్ దగ్గర పేరు రాయిస్తాయి. కంట్రోలర్‌కు వాటిలో ఒకటే కావాలి. ఆప్టికల్ ఉంటే ఆప్టికల్, లేకపోతే మెంబ్రేన్. కోరిక అంతే.

మెంబ్రేన్ సెన్సార్ కొలిచేటప్పుడు తన దగ్గరి నీళ్లలోని ఆక్సిజన్‌ను కొంత తానే వాడుకుంటుంది. నీళ్లు కదులుతుంటే సరే. ఏరియేటర్లు ఆగి నీళ్లు నిలబడినా, పొర మీద నాచు పట్టినా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆప్టికల్‌లో వెలుగు పడిన రసాయన పొర తిరిగి వెలిగే తీరును బట్టి లెక్క కడతారు, ఆక్సిజన్ ఖర్చు కాదు, నిలవ నీళ్లలోనూ నమ్మొచ్చు. అందుకే ఏ సెన్సార్ మాట వింటున్నామన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. గుంటలో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామున. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీలుస్తుందే గానీ ఆక్సిజన్ తయారు చెయ్యదు. 4 పీపీఎం కిందికి పోతుంటే రైతుకు టెన్షన్ మొదలవుతుంది, ఇంకా దిగితే రొయ్య పైకి తేలుతుంది.

సైటు సూపర్‌వైజర్ చెప్పింది ఇది: "రాత్రి రెండింటికి ఫోన్ మోగతాది సార్. టార్చి ఏసుకోని పోయి చూస్తే రొయ్య కిందనే ఉంటాది, చెక్ ట్రేలో మేతంతా తినేసి ఉంటాది. డీఓ పడిపోయిందని మీ మిషన్ అంటాది. ఏరియేటర్లు ఆడతాయి, ఆగతాయి, మళ్లా ఆడతాయి. డీజిలు ఖర్చు ఎవురిస్తారు?"

ఏరియేటర్లు ఆగితే నీళ్లు నిలబడి మెంబ్రేన్ తక్కువ చూపిస్తుంది, కంట్రోలర్ ఏరియేటర్లు వేస్తుంది, నీళ్లు కదిలి రీడింగ్ పెరుగుతుంది, మళ్లీ ఆపుతుంది. అంటే ఆప్టికల్ పక్కనే ఉన్నా కంట్రోలర్ మెంబ్రేన్ మాటే వింటోంది. ఇది వింటుండగానే తెలిసిపోయింది. ఎందుకు వింటోందన్నదే ప్రశ్న.

అతనే ఇంకో మాట అన్నాడు, నాకు పనికొచ్చింది అదే: "కరెంటు ఠక్కున పోయొచ్చిన రోజు మాత్రం సక్కగా ఉంటాది సార్." సాధారణంగా ఇలాంటి సైట్లలో కరెంటు పోయొస్తే సిస్టమ్ చెడుతుంది. ఇక్కడ బాగుపడుతోంది. బోర్డుకు చిన్న యూపీఎస్ ఉంది కాబట్టి అది రీస్టార్ట్ కావడం లేదు. పాత సెన్సార్లను బోర్డుకు కలిపే ఆర్ఎస్-485 అడాప్టర్ మాత్రం వేరే హబ్ మీద, నేరుగా మెయిన్స్‌కు ఉంది. కరెంటు పోతే ఆ అడాప్టర్ పడిపోతుంది, మెంబ్రేన్ డ్రైవర్ తన సర్వీసును ఉపసంహరించుకుంటుంది, కరెంటు రాగానే కొత్తగా రిజిస్టర్ చేసుకుంటుంది. ఈ ఒక్క చర్యతో గెలుపు ఆప్టికల్ వైపు మారుతోంది. అప్పుడే నా అనుమానం ర్యాంకింగ్ మీదికి పోయింది.

ఫ్రేమ్‌వర్క్ దేన్ని ఎంచుకుంటుంది

ఓఎస్‌జీఐలో సర్వీసు రిజిస్టర్ చేసేటప్పుడు దానితో పాటు కొన్ని ప్రాపర్టీలు ఇవ్వొచ్చు. అందులో సర్వీస్.ర్యాంకింగ్ ఒకటి. ఇవ్వకపోతే సున్నా. రుణాత్మక సంఖ్య కూడా ఇవ్వొచ్చు. పెద్ద సంఖ్య ఉన్నది గెలుస్తుంది. రెండింటికీ సమానమైతే సర్వీస్.ఐడీ చిన్నగా ఉన్నది గెలుస్తుంది. ఈ ఐడీని ఫ్రేమ్‌వర్కే ఇస్తుంది, రిజిస్టర్ అయిన వరుసలో పెంచుకుంటూ పోతుంది. అంటే టై అయితే ముందొచ్చినవాడిదే పీట. ఒకసారి లేచిపోయి మళ్లీ వస్తే కొత్త ఐడీ, వరుసలో వెనక్కి.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియని షరతు ఒకటుంది: ర్యాంకింగ్ విలువ జావా ఇంటీజర్ అయి ఉండాలి. స్ట్రింగ్ (అక్షరాలుగా రాసిన విలువ) అయినా, లాంగ్ (ఇంకా పెద్ద పూర్ణాంకాల టైపు) అయినా ఫ్రేమ్‌వర్క్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. ఎక్సెప్షన్ రాదు, రిజిస్ట్రేషన్ ఆగదు.

కారాఫ్ కన్సోల్‌లో సర్వీసుల జాబితా తీశాను. ఆప్టికల్ డ్రైవర్ పక్కన ర్యాంకింగ్ 9999 అని కనిపించింది. మెంబ్రేన్ పక్కన ర్యాంకింగ్ అన్న వరుసే లేదు. చూసినవాడెవడైనా ఆప్టికల్ ముందుందనే అంటాడు. ఈ 9999 ఎక్కడిదని అడిగితే ఫీల్డ్ టెక్నీషియన్ చెప్పాడు: కోడ్‌లో 100 ఉండేది, సైటులో పాతదే గెలుస్తుంటే కాన్ఫిగ్ ఫైల్‌లో 200 చేశాడు, పనిచెయ్యలేదు, 500 చేశాడు, చివరికి విసుగొచ్చి 9999 పెట్టాడు.

ఆ ఫైల్ ఎక్స్‌టెన్షన్ సీఎఫ్‌జీ. అందులో రాసినదంతా స్ట్రింగ్‌గానే వస్తుంది. డిక్లరేటివ్ సర్వీసెస్‌లో (సర్వీసులను ఒకదానితో ఒకటి కలిపే పనిని ఫ్రేమ్‌వర్కే చూసుకునే ఏర్పాటు) కాన్ఫిగ్ అడ్మిన్ (సెట్టింగ్ ఫైళ్లలోని విలువలు అందించే సర్వీసు) నుంచి వచ్చిన ప్రాపర్టీ, కాంపొనెంట్‌లో (ఆ ఏర్పాటు కింద నడిచే క్లాస్) రాసిన అదే పేరు ప్రాపర్టీని తోసేసి దాని చోట కూర్చుంటుంది. కోడ్‌లో బుద్ధిగా ఉన్న ఇంటీజర్ 100 పోయి, దాని చోట స్ట్రింగ్ 9999 వచ్చింది. కన్సోల్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, కోట్స్ ఉండవు. ఆ ప్రాపర్టీ ఏ క్లాస్‌కు చెందిందో కన్సోల్ నుంచే అడిగి చూస్తే స్ట్రింగ్ అని తేలింది. అంటే ఫ్రేమ్‌వర్క్ లెక్కలో ఆప్టికల్ ర్యాంకింగ్ సున్నా, మెంబ్రేన్ ర్యాంకింగ్ సున్నా. టై. మెంబ్రేన్ బండిల్ ముందు ఇన్‌స్టాల్ అయింది, ముందు లేస్తుంది, చిన్న ఐడీ తీసుకుంటుంది, గెలుస్తుంది. కరెంటు పోయొస్తే దాని ఐడీ పెద్దదై ఆప్టికల్ గెలుస్తుంది. మళ్లీ బోర్డు రీబూట్ అయ్యేదాకా సుఖం.

కోడ్‌లో 100 ఉన్నన్నాళ్లు కనీసం సంఖ్య సంఖ్యలా ఉండేది. పెంచడం మొదలుపెట్టాక సున్నా అయింది. టెక్నీషియన్‌ను తప్పుపట్టలేను. 200 అని రాస్తే 200 అనే కదా ఎవరైనా అనుకునేది. కోడ్ రాసేవాళ్లకూ ఇదే గుంత ఉంది: కాంపొనెంట్ యానొటేషన్‌లో ప్రాపర్టీని టైపు చెప్పకుండా రాస్తే అది స్ట్రింగే. పేరు పక్కన కోలన్ పెట్టి ఇంటీజర్ అని రాయాలి. 2018లో వచ్చిన ఓఎస్‌జీఐ ఆర్7 నుంచి దీనికోసమే ప్రత్యేకంగా సర్వీస్ ర్యాంకింగ్ యానొటేషన్ ఉంది, అది వాడితే కోడ్ వైపు ఈ బాధ ఉండదు. అయితే సీఎఫ్‌జీ ఫైల్ వచ్చి తోసేస్తే ఆ యానొటేషన్ కూడా ఏమీ చెయ్యలేదు.

ఒక ముడి విప్పితే ఇంకోటి

అసలు 100 ఉన్న రోజుల్లో పాతది ఎందుకు గెలిచింది? అప్పుడు టైపు సరిగానే ఉందిగా. ఫీల్డ్ బృందం దీన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే టైపు సంగతి తెలియగానే అదే మొత్తం కారణమని అందరికీ అనిపించింది. సీఎఫ్‌జీ ఫైల్ నుంచి ఆ లైన్ తీసేసి బోర్డు రీబూట్ చేశాం. మెంబ్రేనే మళ్లీ.

ర్యాంకింగ్ అనేది అడిగిన క్షణంలో ఉన్నవాళ్ల మధ్య పోలిక మాత్రమే. కంట్రోలర్ ఎప్పుడు అడిగింది, అడిగాక మళ్లీ అడుగుతుందా అన్నది కంట్రోలర్ వైపు రాసుకున్న రిఫరెన్స్ (నాకు ఫలానా సర్వీసు కావాలన్న ప్రకటన) చెప్పాలి. డిక్లరేటివ్ సర్వీసెస్‌లో రిఫరెన్స్‌కు డీఫాల్టుగా ఉండేది స్టాటిక్ పాలసీ, రిలక్టెంట్ ఆప్షన్. మొదట దొరికిన సర్వీసుకు కట్టేసుకుంటుంది, తర్వాత దానికంటే మంచిది వచ్చినా కదలదు. కట్టుకున్నది పోతేనే ఇంకోదాన్ని వెతుక్కుంటుంది.

సైటులో జరిగేది చూడండి. బోర్డు లేస్తుంది. మెంబ్రేన్ డ్రైవర్ వెంటనే రిజిస్టర్ అవుతుంది. కంట్రోలర్‌కు కావలసింది ఒక్క ఆక్సిజన్ సర్వీసు, దొరికింది, యాక్టివేట్ అయిపోతుంది. ఆప్టికల్ సెన్సార్ వేడెక్కి మొదటి సరైన రీడింగ్ ఇచ్చేదాకా దాని డ్రైవర్ ఆగి, తర్వాత రిజిస్టర్ చేస్తుంది. ర్యాంకింగ్ 100 పట్టుకుని వచ్చేసరికి పెళ్లి అయిపోయింది. ఆఫీసు టేబుల్ మీద రెండు డ్రైవర్లకూ సిమ్యులేటర్లు, వేడెక్కడాలు లేవు, కంట్రోలర్ లేచేసరికి రెండూ సిద్ధంగా ఉండేవి. అందుకే అక్కడ ఎప్పుడు చూసినా ఆప్టికలే గెలిచేది. ఆఫీసులో పనిచేసి సైటులో చెయ్యకపోతే మనవాళ్లు ముందు వైరింగ్‌ను, తర్వాత ఉప్పు గాలిని తిడతారు. ఈసారి ఆ రెండింటికీ సంబంధం లేదు.

రెండు కారణాలూ ఒకే లక్షణాన్ని చూపించాయి. ఒకటి సరిచేసి చూస్తే ఏమీ మారలేదనిపించి, చేసిన సరైన మార్పునే వెనక్కి తీసేసే ప్రమాదం ఉంది. ఇలాంటి కేసుల్లో నేను మార్పు ఫలితాన్ని గుంట దగ్గర చూడను. ముందు కన్సోల్‌లో రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతాను: ఫ్రేమ్‌వర్క్ దృష్టిలో ఇప్పుడు ఏది ముందుంది? కంట్రోలర్ నిజంగా దేనికి కట్టుకుని ఉంది? మొదటిదానికి ఆప్టికల్, రెండోదానికి మెంబ్రేన్ అని జవాబులొస్తే సమస్య రిఫరెన్స్‌లోనే ఉంది. రెండో ప్రశ్నకు కారాఫ్‌లో ఎస్‌సీఆర్ (డిక్లరేటివ్ సర్వీసెస్‌ను నడిపే భాగం) కమాండ్ ఒకటి చాలు, కాంపొనెంట్ పేరిస్తే కట్టుకున్న సర్వీసుల వివరాలు చెబుతుంది.

కంట్రోలర్ బండిల్‌ను స్టార్ట్ లెవెల్ (బండిల్స్ లేచే వరుస సంఖ్య) 90కి తోసేద్దామని బృందంలో ఒకరన్నారు. కారాఫ్‌లో బండిల్స్ మామూలుగా 80లో ఉంటాయి, ఫ్రేమ్‌వర్క్ 100 దాకా పోతుంది కాబట్టి 90 పెడితే కంట్రోలర్ చివర్లో లేస్తుంది. కానీ స్టార్ట్ లెవెల్ చూసేది బండిల్ స్టార్ట్ అయిందా లేదా అని. సెన్సార్ వేడెక్కిందా, సర్వీసు రిజిస్టర్ అయిందా అన్నది దానికి పట్టదు. పైగా పగటిపూట ఆప్టికల్ కేబుల్ ఊడి మళ్లీ పెడితే ఏ స్టార్ట్ లెవెలూ కాపాడదు. వద్దన్నాను.

గ్రీడీ చేశాక కాంటాక్టర్ల టకటక

సరైన మందు గ్రీడీ ఆప్షన్. డిక్లరేటివ్ సర్వీసెస్ 1.2 నుంచి ఉంది. మంచి సర్వీసు వచ్చినప్పుడల్లా దానికి మారిపొమ్మని అర్థం. పెట్టాం. రీబూట్ చేస్తే ముందు మెంబ్రేన్, కాసేపటికి ఆప్టికల్. మోటర్లను వేసే, ఆపే కాంటాక్టర్ స్విచ్‌ల ప్యానెల్ దగ్గర నిలబడ్డ ఎలక్ట్రీషియన్ మాత్రం "ఏంది సార్, కాంటాక్టర్లన్నీ ఒక్కసారి పడి లేస్తా ఉండాయి?" అన్నాడు.

స్టాటిక్ పాలసీతో గ్రీడీ పెడితే, మార్పు వచ్చిన ప్రతిసారీ కాంపొనెంట్‌ను డీయాక్టివేట్ చేసి, కొత్త సర్వీసుతో మళ్లీ యాక్టివేట్ చేస్తారు. కంట్రోలర్ డీయాక్టివేట్ అయ్యేటప్పుడు రిలేలు వదిలేస్తుంది. ఏ ఏరియేటర్ ఎంతసేపటి నుంచి ఆడుతోందన్న టైమర్ లెక్కలన్నీ పోతాయి. 2 హెచ్‌పీ మోటర్లు వరసగా ఆగి వెంటనే లేవడం జనరేటర్ మీద ఉన్నప్పుడు మంచిది కాదు.

డైనమిక్ పాలసీకి మార్చాం. ఇందులో కాంపొనెంట్ బతికే ఉంటుంది, రిఫరెన్స్ ఒక్కటే కింద మారుతుంది. దానికి రెండు క్రమశిక్షణలు కావాలి. ఫీల్డ్‌ను వొలటైల్‌గా (ఏ థ్రెడ్ చదివినా తాజా విలువే కనిపించేలా) రాయాలి. ఇంకోటి, ప్రతి కొలత చక్రంలో ఆ ఫీల్డ్‌ను ఒక్కసారే చదివి లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుని చివరిదాకా దాన్నే వాడాలి. పాత కోడ్‌లో సెన్సార్ రకం ఒక లైన్‌లో, రీడింగ్ ఇంకో లైన్‌లో విడివిడిగా ఫీల్డ్ నుంచి తీసుకునేవారు. ఆ రెండు లైన్ల మధ్య సర్వీసు మారితే మెంబ్రేన్ కరెక్షన్ ఆప్టికల్ రీడింగ్‌కు పడుతుంది. స్టాటిక్‌లో ఉన్నన్నాళ్లు ఆ కోడ్ తప్పు కాదు. డైనమిక్ చెయ్యగానే తప్పైంది. పాలసీ మార్చేవాళ్లు యానొటేషన్ ఒక్కటి మార్చి వదిలేయకుండా ఆ ఫీల్డ్ వాడిన ప్రతిచోటూ చూడాలి.

మారే క్షణంలో ఇంకో చిక్కు. రెండు సెన్సార్లూ కచ్చితంగా ఒకే అంకె చూపించవు. 3.9 నుంచి 4.5కు ఒక్క గంతులో పోతే కంట్రోలర్ దాన్ని నీళ్లలో మార్పు అనుకుంటుంది. సర్వీసు మారిందని తెలియగానే ఒక చక్రం పాటు రిలేల జోలికి పోవద్దని, ఆ చక్రంలో వచ్చిన రీడింగ్‌ను కొత్త మొదలుగా తీసుకోమని రాయించాను.

బతికున్నట్టు కనిపించే ప్రొవైడర్

ఇంతా చేశాక ఆప్టికల్ కేబుల్ ఊడదీసి చూశాం. కంట్రోలర్ కదల్లేదు. ఆప్టికల్ డ్రైవర్ సెన్సార్ నుంచి మోడ్‌బస్ (సెన్సార్లతో మాట్లాడే ప్రోటోకాల్) జవాబు రాకపోయినా చివరగా వచ్చిన విలువనే ఇస్తూ పోతోంది. సర్వీసు రిజిస్టర్ అయ్యే ఉంది, ర్యాంకింగ్ పెద్దది, కాబట్టి గెలుస్తూనే ఉంది. రాత్రి 5.2 పీపీఎం దగ్గర కేబుల్ ఊడితే తెల్లారేదాకా 5.2. దొంగ అలారం వస్తే నిద్ర పోతుంది, అలారం రాకపోతే పంట పోతుంది. నా లెక్కలో ఈ సైటులో దొరికిన వాటన్నిటిలోకి పెద్ద లోపం ఇదే, దీని మీద మాత్రం ఒక్క ఫిర్యాదూ లేదు.

ర్యాంకింగ్ ఇష్టాన్ని చెబుతుంది, ఆరోగ్యాన్ని చెప్పదు. ఆరోగ్యం చెప్పడానికి ఓఎస్‌జీఐలో ఉన్న సహజమైన పద్ధతి రిజిస్ట్రేషనే. పని చెయ్యగలిగినప్పుడే సర్వీసు ఉండాలి, చెయ్యలేనప్పుడు తీసేసుకోవాలి. డ్రైవర్‌ను అలా తిరగరాయించాం: వరుసగా 3 జవాబులు రాకపోతే అన్‌రిజిస్టర్, 5 నిమిషాలు ఆగకుండా మంచి రీడింగులు వస్తేనే మళ్లీ రిజిస్టర్. పోవడానికీ రావడానికీ ఒకే గడువు పెడితే ఊగిసలాడే కేబుల్‌తో సర్వీసు వస్తూ పోతూ ఉంటుంది, గ్రీడీ కంట్రోలర్ దాని వెంట పరిగెడుతుంది. అందుకే పోవడం త్వరగా, రావడం నిదానంగా.

తిరిగి రిజిస్టర్ అయిన ప్రతిసారీ ఐడీ మారుతుంది కాబట్టి టై మీద ఆధారపడే ఏర్పాటు ఇక్కడ పనికిరాదు. సంఖ్యలు విడివిడిగా ఉండాల్సిందే. మెంబ్రేన్‌కు 100, ఆప్టికల్‌కు 300 అని పెట్టాం. మధ్యలో ఖాళీ వదిలింది రేపు వచ్చే ఇంకో రకం కోసం. సిమ్యులేటర్‌కు మైనస్ 1000. సిమ్యులేటర్ అంతకుముందు డీఫాల్టు సున్నాతో ఉండేది. ఎవరైనా పొరపాటున దాన్ని సైటు బోర్డు మీద వదిలేసి, డ్రైవర్లు కూడా సున్నాలో ఉంటే, గుంటలో ఆక్సిజన్ కాకుండా సైన్ వేవ్ చూసి ఏరియేటర్లు ఆడతాయి.

అలర్టుల వైపు తలకిందులు

అలర్టుల మాడ్యూల్‌లో లెక్క వేరు. అక్కడ ఒక్క ప్రొవైడర్‌ను ఎంచుకుంటే సరిపోదు, అందరినీ వరుసగా ప్రయత్నించాలి. ముందు జీఎస్ఎం మోడెమ్ నుంచి ఫోన్ కాల్, ఎత్తకపోతే ఎస్ఎంఎస్, చివరికి యాప్ నోటిఫికేషన్. కాల్‌కు 1, ఎస్ఎంఎస్‌కు 2, యాప్‌కు 3 అని ర్యాంకింగ్ ఇచ్చారు. ఎంసెట్ చూసి పెరిగిన పిల్లలకు ర్యాంకు ఒకటి అంటే అందరికంటే ముందు. ఓఎస్‌జీఐకి మూడే ముందు. దాంతో నడిరాత్రి అలర్టు మొదట యాప్ నోటిఫికేషన్‌గా పోయేది, సైలెంట్‌లో ఉన్న ఫోన్ మీద.

దీన్ని అంత తేలిగ్గా తీసిపారేయలేం, ఎందుకంటే అదే బృందం సర్వర్ వైపు స్ప్రింగ్ అనే ఇంకో జావా ఫ్రేమ్‌వర్క్‌లో రాస్తుంది. అక్కడ ఆర్డర్ యానొటేషన్‌లో చిన్న సంఖ్యే ముందు, అన్నిటికంటే ముందుండాలంటే ఇంటీజర్‌లో అతి చిన్న విలువ ఇవ్వాలి. జకార్తా (ఎంటర్‌ప్రైజ్ జావా) వైపు పోతే ఇంకా అయోమయం: ఇంటర్‌సెప్టర్లకు ప్రయారిటీ చిన్నదైతే ముందు నడుస్తాయి, సీడీఐ ఆల్టర్నేటివ్‌లలో మాత్రం పెద్ద ప్రయారిటీ ఉన్నదాన్ని ఎంచుకుంటారు. జాక్స్-ఆర్ఎస్‌లో రిక్వెస్ట్ ఫిల్టర్లు చిన్న సంఖ్య నుంచి పెద్దదానికి, రెస్పాన్స్ ఫిల్టర్లు పెద్దదాని నుంచి చిన్నదానికి. జావా 6 నుంచి ఉన్న సర్వీస్ లోడర్‌లో ప్రయారిటీ అన్నదే లేదు. క్లాస్‌పాత్‌లో జార్ ఫైళ్లు ఏ వరుసలో ఉంటే ఆ వరుసే. ఒకే మనిషి ఉదయం స్ప్రింగ్, మధ్యాహ్నం ఓఎస్‌జీఐ రాస్తే 1, 2, 3 అని రాయడం మామూలే. అందుకే అంకెలు నేరుగా రాయొద్దని, ఒక చిన్న ఏపీఐ బండిల్‌లో పేర్లున్న కాన్‌స్టెంట్‌లు పెట్టి అవే వాడమని చెప్పాను. కాల్ అన్న పేరుకు ఎంత విలువో చూడాల్సిన అవసరం కూడా రాదు.

ఇక వరుస. పాత కోడ్ సర్వీస్ రిఫరెన్సులన్నీ అడిగి, వచ్చిన అర్రేను అలాగే నడిపేది. ఆ అర్రే ర్యాంకింగ్ క్రమంలో వస్తుందని స్పెసిఫికేషన్ ఎక్కడా హామీ ఇవ్వదు. మనమే సార్ట్ చేసుకోవాలి. సర్వీస్ రిఫరెన్స్ తనంతట తానే పోల్చుకోగలదు, కానీ దాని సహజ క్రమం కింది నుంచి పైకి. పెద్ద ర్యాంకింగ్ ముందు కావాలంటే తిరగెయ్యాలి. సర్వీసుల రాకపోకలు గమనించే సర్వీస్ ట్రాకర్ వాడితే దాని గెట్‌ట్రాక్డ్ ఇచ్చే మ్యాప్ ఇప్పటికే తిరగేసిన క్రమంలో వస్తుంది. కొత్త కోడ్‌లో అదే వాడాం.

గరిష్ఠ సంఖ్యతో వచ్చిన అతిథి

పని దాదాపు అయిపోయిందనుకుంటుండగా రైతు ఒక గుంటలో ఇంకో కంపెనీ మల్టీ-పారామీటర్ సెన్సార్ ట్రయల్‌కు పెట్టించాడు. పీహెచ్, ఉష్ణోగ్రతతో పాటు డీఓ కూడా ఇస్తుంది. మన ఇంటర్‌ఫేస్‌కు సరిపడేలా వాళ్లే బండిల్ ఇచ్చారు. ర్యాంకింగ్ 2147483647. ఇంటీజర్‌కు అదే హద్దు, దాని పైకి ఎవరూ పోలేరు. వేసీ వెయ్యగానే ట్రయల్ సెన్సారే ఆ గుంటకు యజమాని అయింది. కోడ్ మన చేతిలో లేదు.

ఆ సర్వీసును ఫైండ్ హుక్‌తో (సర్వీసులు వెతికినప్పుడు వచ్చే జాబితాను వడపోసే ఏర్పాటు) కంట్రోలర్‌కు కనపడకుండా దాచొచ్చు. షెడ్డులో నడిచే సిస్టమ్‌కు అది అతి. రేపు డీబగ్ చేసేవాడికి సర్వీసు ఉన్నట్టూ లేనట్టూ కనిపిస్తే వాడికి పిచ్చెక్కుతుంది. దానికంటే రిఫరెన్స్ టార్గెట్ ఫిల్టర్ మేలు. ప్రతి డ్రైవర్ తన సెన్సార్ రకాన్ని ఒక ప్రాపర్టీగా చెబుతుంది, కంట్రోలర్ ఆప్టికల్ లేదా మెంబ్రేన్ రకాలనే కావాలని ఫిల్టర్ పెడుతుంది. ముందు ఫిల్టర్, మిగిలినవాళ్లలో ర్యాంకింగ్. ట్రయల్ బండిల్ ఎంత పెద్ద సంఖ్య చెప్పుకున్నా పోటీలోనే లేదు. ఫిల్టర్ అన్నది స్ట్రింగే కాబట్టి సీఎఫ్‌జీ ఫైల్‌లో భయం లేకుండా రాయొచ్చు. ఫీల్డ్ టెక్నీషియన్ చేతికి ఈ ఒక్క నాబ్ ఇచ్చాం. ర్యాంకింగ్ మాత్రం సైటు ఫైళ్లలో ఎక్కడా ఉండకూడదని రాసిపెట్టాం. తప్పనిసరైతే విలువతో పాటు టైపు కూడా రాసే కాన్ఫిగ్ ఎక్స్‌టెన్షన్ ఫైల్ వాడాలి, అందులో అంకె ముందు ఇంటీజర్‌ను సూచించే ఐ అక్షరం ఉంటుంది.

టెస్టుల్లో ఒక్క మార్పు మీద గట్టిగా పట్టుబట్టాను. ప్రొవైడర్లను అన్ని వరుసల్లోనూ లేపి, చివరికి కంట్రోలర్ కట్టుకున్నది ప్రతిసారీ ఒకటేనా అని చూడాలి. రెండు ప్రొవైడర్లకు రెండు వరుసలు, మూడింటికి ఆరు, నాలుగింటికి ఇరవై నాలుగు. మెషిన్‌కు ఇది పెద్ద పని కాదు. ఆ తర్వాత కట్టుకున్నదాన్ని తీసేసి, మళ్లీ పెట్టి, అదే ప్రశ్న. సర్వీసు మారిన ప్రతిసారీ పాతది, కొత్తది, రెండింటి ఐడీ, ర్యాంకింగ్, ఆ ర్యాంకింగ్ టైపు లాగ్‌లో ఒక లైన్‌గా పడుతుంది. మెంబ్రేన్ మీద నడుస్తున్నంతసేపు సూపర్‌వైజర్ యాప్‌లో పైన పసుపు పట్టీ కనిపిస్తుంది.

ఫిల్టర్‌తో వచ్చే రిస్కు ఒకటి రైతుతో కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఆప్టికల్, మెంబ్రేన్ రెండూ పోతే, ట్రయల్ సెన్సార్ బాగానే ఉన్నా కంట్రోలర్‌కు రిఫరెన్స్ తీరదు, అది డీయాక్టివేట్ అవుతుంది. అప్పుడేం కావాలి? "ఆడతా ఉండాలబ్బా, ఆగితే మాత్రం నాకొద్దు" అన్నాడాయన. రిలేల వైరింగ్‌ను నార్మల్లీ క్లోజ్డ్ వైపు మార్పించాం. కంట్రోలర్ లేకపోయినా, బోర్డు కాలిపోయినా ఏరియేటర్లు ఆడుతూ ఉంటాయి. అలాంటి రాత్రి డీజిల్ ఖర్చు తనదేనని ఆయన ఒప్పుకున్నాడు. ట్రయల్ సెన్సార్‌ను ఫిల్టర్‌లో చేర్చే మాట, రొయ్యల పట్టుబడి (పంట తీయడం) అయ్యాక, మూడింటి రీడింగులు పక్కపక్కన పెట్టి చూసి తేలుద్దామని వాయిదా వేశాం.